డా నాంగ్‌లో చవక బస్సు టూరు: అమ్మానాన్నలతో వెళ్లడానికి అనువుగా ఉంటుందా?

ప్రశ్న
గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో మా అమ్మనూ నాన్ననూ వెంటబెట్టుకుని మా వారూ నేనూ వియత్నాం వెళ్లాలని అనుకుంటున్నాము. దేశమంతా తిరిగే ఓపిక పెద్దవాళ్లకు లేదు కనుక, మధ్య వియత్నాంలో సముద్రపుటొడ్డున ఉన్న డా నాంగ్ నగరంలోనే నాలుగైదు రోజులు మకాం పెట్టి, అక్కడినుంచే చుట్టుపక్కల ప్రదేశాలు చూసి రావాలన్నది మా ఆలోచన. హోటళ్ల ధరలు మేము భయపడినంతగా లేవు. తిరగడానికి అయ్యే ఖర్చు దగ్గరే లెక్క తేలడం లేదు.

ఒక ఏజెంటు పంపిన పట్టికలో ఒకరోజు బస్సు టూరు ఒకటి ఉన్నది. ఉదయం హోటలు దగ్గర ఎక్కించుకుని సాన్ ట్రా కొండ మీది లిన్ ఉంగ్ ఆలయం, మీ ఖే బీచ్, మార్బుల్ మౌంటెన్స్ చూపించి, మధ్యాహ్నం భోజనం పెట్టి, ఆ తరువాత నీటిలో పెరిగే కొబ్బరి వంటి చెట్ల (నీటి కొబ్బరి) తోపుల మధ్య బుట్ట పడవలో తిప్పి, సాయంత్రం హోయ్ ఆన్ పాత పట్టణానికి తీసుకువెళ్లి, రాత్రి తొమ్మిదింటికి తిరిగి హోటలు దగ్గర దింపుతారట. ఇదంతా మనిషికి 7,50,000 డాంగ్‌లు, అంటే మన డబ్బుల్లో రెండున్నర వేల రూపాయలు. ఇంత తక్కువకు ఇన్ని ప్రదేశాలు ఎలా చూపిస్తారన్నదే మా సందేహం.

మా ఇబ్బందులు కూడా చెబుతాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. నడుస్తుంది కానీ మెట్లు ఎక్కడం, దిగడం కష్టం. మేమందరమూ శాకాహారులము, అమ్మానాన్నలు గుడ్డు కూడా ముట్టరు. నాన్న శివభక్తులు. అక్కడికి దగ్గరలో మీ సన్ అనే చోట పాత శివాలయాలు ఉన్నాయని ఎక్కడో చదివి, బీచ్ చూసినా చూడకపోయినా అది మాత్రం చూసి తీరాలని అంటున్నారు. ఈ బస్సు టూరులో మీ సన్ లేదు. ఈ టూరు తీసుకోవడం మంచిదా, లేక మా అంతట మేము తిరగడం మంచిదా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.


సమాధానం
తెనాలి బాటసారి

గోదావరి గట్టు గారూ, మీరు రాసిన టూరు వంటిదానిలోనే నేను మా అత్తగారిని, మామగారిని తీసుకుని వెళ్లాను కనుక, పట్టికలో కనిపించని సంగతులు కొన్ని చెప్పగలను.

ముందుగా ధర ఎందుకు తక్కువో చూద్దాము. పెద్ద బస్సులో ముప్పై, నలభై మందిని కలిపి తీసుకువెళ్లడం వలన డ్రైవరు, గైడు, డీజిలు ఖర్చులు పంచుకున్నట్లు అవుతుంది. భోజనం ముందుగా మాట్లాడుకున్న ఒకే హోటల్లో, అందరికీ ఒకే రకంగా ఉంటుంది. ఇక చూపించే ప్రదేశాల టికెట్లు అసలే చవక. లిన్ ఉంగ్ ఆలయానికీ బీచ్‌కూ టికెట్టే లేదు. మార్బుల్ మౌంటెన్స్ ప్రవేశం 40,000 డాంగ్‌ల దగ్గర, హోయ్ ఆన్ పాత పట్టణం విదేశీయులకు 1,20,000 డాంగ్‌ల దగ్గర ఉన్నాయి. రూపాయికి సుమారు మూడు వందల డాంగ్‌ల లెక్కన ఇవి మనకు వందల్లోనే తేలుతాయి. దారిలో ఒకటి రెండు దుకాణాల దగ్గర బస్సు ఆగడం కూడా ఈ ధరలో భాగమే. కాబట్టి ఇందులో మోసమేమీ లేదు. తక్కువ ధరకు బదులుగా మనం ఇచ్చేది మన సమయాన్ని, మన ఇష్టానుసారం ఆగే స్వేచ్ఛను.

పికప్ విషయం ఎవరూ చెప్పరు కానీ పెద్దవాళ్లకు అదే ముఖ్యం. బస్సు ఒక్కొక్క హోటలూ తిరిగి అందరినీ ఎక్కించుకునేసరికి ముప్పావు గంట, ఒక్కోసారి గంట పడుతుంది. రాత్రి దింపేటప్పుడూ అంతే. మీ హోటలు మీ ఖే తీరం వెంబడి గానీ హాన్ నది ఒడ్డున గానీ ఉంటే నేరుగా గుమ్మం ముందే ఎక్కిస్తారు. సందులో ఉంటే పెద్ద బస్సు లోపలికి రాలేక, మూలమీదికి నడిచి రమ్మంటారు.

లిన్ ఉంగ్ దగ్గర అమ్మగారికి ఏ ఇబ్బందీ ఉండదు. బస్సు ఆలయ ప్రాంగణం దాకా వెళుతుంది, ఆ తరువాత నేల దాదాపు సమతలమే. అక్కడ బౌద్ధులు కొలిచే అవలోకితేశ్వర బోధిసత్త్వుని విగ్రహం 67 మీటర్ల ఎత్తు, 2010లో పూర్తయింది. నగరంలో బీచ్ మీద ఎక్కడ నిలబడినా తెల్లగా కనిపించే విగ్రహం అదే. వేటకు వెళ్లే జాలర్లను కాపాడాలని సముద్రం వైపు ముఖం పెట్టి నిలిపారు. గైడు అక్కడ నలభై నిమిషాలు ఇస్తాడు, చాలు.

మార్బుల్ మౌంటెన్స్ దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. ఇవి పంచభూతాల వంటి ఐదు తత్త్వాల పేర్లు పెట్టుకున్న ఐదు సున్నపురాతి, పాలరాతి గుట్టలు. లోహం, కొయ్య, నీరు, నిప్పు, మట్టి అన్నవి అక్కడి లెక్క. యాత్రికులు ఎక్కేది నీటి పేరున్న థుయ్ సన్ గుట్టను. మెట్ల దారిలో నూట యాభై పైచిలుకు మెట్లు ఉన్నాయి. కొండ పక్కన అద్దాల లిఫ్టు ఉన్నది, ఒక వైపుకు 15,000 డాంగ్‌ల దాకా తీసుకుంటారు. చవక టూర్లలో చాలావరకు ఈ లిఫ్టు డబ్బు కలిసి ఉండదు. కలిసి ఉన్నా ఎక్కడానికే ఇస్తారు, దిగేటప్పుడు మెట్ల దారిన రమ్మంటారు. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఎక్కడం కన్నా దిగడమే కష్టమని మీకు తెలిసినదే. పైగా లిఫ్టు దిగిన తరువాత కూడా గుడుల మధ్య, గుహల లోపల అరిగిన రాతి మెట్లు ఉంటాయి, వాన పడితే జారతాయి. అన్నిటిలోకీ అందమైన హుయెన్ ఖోంగ్ గుహలోకి చీకటిగా, నిటారుగా ఉన్న మెట్లు దిగి వెళ్లాలి. లోపల పైకప్పుకు సహజంగా పడిన రంధ్రాల నుంచి మధ్యాహ్నపు ఎండ ధారగా పడి, కింద కూర్చున్న బుద్ధుని ముందు అగరుబత్తుల పొగ ఆ వెలుతురులో పైకి లేస్తూ కనిపిస్తుంది. యుద్ధకాలంలో గెరిల్లాలు ఈ గుట్టలలోని గుహలను స్థావరాలుగా వాడుకున్నారు. మా అత్తగారిని లిఫ్టులో పైకి తీసుకువెళ్లి, గోపురం దగ్గర నీడలో కూర్చోబెట్టి, మేము వంతులవారీగా గుహలోకి వెళ్లి వచ్చాము. పైనుంచి సముద్రం, మిగిలిన గుట్టలు కనిపిస్తాయి కనుక ఆమెకు వెలితి అనిపించలేదు. మీరూ అలా చేయవచ్చును.

గుట్ట కింద నాన్ న్యోక్ అనే శిల్పుల ఊరు ఉన్నది. బస్సు ఆగే దుకాణం అక్కడిదే. ఆ గుట్టల రాయిని ఇప్పుడు కొట్టనివ్వరు, వేరే ప్రాంతాల నుంచి రాయి తెప్పించి చెక్కుతున్నారు. కొనమని ఒత్తిడి చేస్తారేమోనని భయపడనక్కరలేదు, కొనకుండా వచ్చేసినా ఎవరూ ఏమీ అనరు. అయితే అక్కడ గడిచే అరగంట మీరు గుట్ట మీద గడపవలసిన అరగంటలోనుంచే పోతుంది.

బుట్ట పడవ మీ అమ్మగారికి వద్దని నా సలహా. వెదురుతో అల్లిన గుండ్రటి పడవ అది. తక్కువ ఎత్తు చెక్కబల్ల మీదనుంచి, ఊగుతున్న బుట్టలోకి కాలు దించి, పీట అంత ఎత్తున్న పలక మీద కూర్చోవాలి, తిరిగి లేచేటప్పుడు మోకాళ్ల మీద బరువంతా పడుతుంది. ఆమె ఒడ్డున కూర్చుంటానంటే గైడులు అభ్యంతరం చెప్పరు. పైగా రద్దీ రోజుల్లో అక్కడ పెద్ద స్పీకర్లలో పాటలు మోగిస్తారు, ప్రశాంతత ఆశించి వెళ్లకండి.

హోయ్ ఆన్ మాత్రం ఎంత సమయం ఇచ్చినా తక్కువే. పాత వీధుల్లోకి కార్లనూ బస్సులనూ రానివ్వరు కనుక, బస్సు దూరంగా ఆపి పది పదిహేను నిమిషాలు నడిపిస్తారు. జపనీయుల వంతెనగా పేరున్న కప్పు వంతెనను చాలాకాలం మరమ్మతు చేసి 2024 ఆగస్టులో తిరిగి తెరిచారు. చైనా వర్తకుల సమావేశ మందిరాలు, పసుపు రంగు గోడల ఇళ్లు, నది మీద కాగితపు దీపాలు చూడడానికి బస్సు టూరు ఇచ్చే రెండు గంటలు హడావుడిగానే గడుస్తాయి.


సమాధానం
శాసనాల వీధి (గుంటూరు)

మీ నాన్నగారి కోరికను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను, ఎందుకంటే డా నాంగ్ వెళ్లే మనవాళ్లలో చాలామంది బా నా హిల్స్ కొండ మీది బంగారు వంతెన దగ్గర ఫొటో తీసుకుని తిరిగి వస్తున్నారు, పూర్వం ఈ ప్రాంతాన్ని ఏలిన చామ్ ప్రజల చంపా రాజ్యపు ఆలయాలు పక్కనే ఉన్నా వాటిని పట్టించుకోవడం లేదు. నాకది బాధ కలిగిస్తున్నది.

మీ సన్ డా నాంగ్ నగరం నుంచి డెబ్బై కిలోమీటర్ల దూరంలో, చుట్టూ కొండలున్న చిన్న లోయలో ఉన్నది. 4వ శతాబ్దం చివర భద్రవర్మ అనే చంపా రాజు అక్కడ భద్రేశ్వరుడనే పేరుతో శివలింగాన్ని ప్రతిష్ఠించాడు. తన పేరునూ ఈశ్వరుని పేరునూ కలిపి స్వామికి పేరు పెట్టే ఆనవాయితీ మన దగ్గర ఉన్నదే కదా. ఆ మొదటి గుడి కాలిపోగా, 7వ శతాబ్దంలో శంభువర్మ ఇటుకలతో కట్టించి శంభుభద్రేశ్వరుడని పేరు పెట్టాడు. ఆ తరువాత కొన్ని వందల ఏళ్లపాటు ఒక రాజు తరువాత ఒక రాజు అక్కడ గుళ్లు కట్టిస్తూనే వచ్చారు. శాసనాలు సంస్కృతంలోనూ, పాత చామ్ భాషలోనూ ఉన్నాయి, వాటి లిపి దక్షిణ భారత లిపుల సంతతి. హోయ్ ఆన్, మీ సన్ ఉన్న ఈ క్వాంగ్ నామ్ ప్రాంతాన్ని చంపా కాలంలో అమరావతి అని పిలిచేవారు. గుంటూరు జిల్లావాణ్ణి కనుక ఆ మాట శాసనాల పుస్తకంలో మొదటిసారి చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

లోయలో నిలిచి ఉన్న గుళ్ల గోడలను దగ్గరనుంచి చూడండి. ఇటుకకూ ఇటుకకూ మధ్య సున్నం గీత కనిపించదు. గోడ కట్టేశాక ఇటుకల మీదే శిల్పాన్ని చెక్కారు. ఆ ఇటుకలను దేనితో అతికించారన్న విషయం మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. 1969 ఆగస్టులో అమెరికా విమానాలు వేసిన బాంబులకు అన్నిటికన్నా గొప్పదైన ‘ఏ1’ ఆలయం (పండితులు అక్కడి ఆలయాలను ఇంగ్లీషు అక్షరాలతో వర్గాలుగా గుర్తించారు) కూలిపోయింది, బాంబులు పడిన గుంటలు ఇప్పటికీ ఆలయాల మధ్య గడ్డి మొలిచి కనిపిస్తాయి. 1999లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 2017 నుంచి 2022 వరకు మన భారత పురావస్తు శాఖవారు అక్కడ ‘ఏ’, ‘హెచ్’, ‘కే’ వర్గాల ఆలయాలను బాగు చేశారు. ఆ పనుల్లోనే 2020 మే నెలలో, 9వ శతాబ్దానికి చెందిన ఏకశిలా శివలింగం ఒకటి మట్టిలోనుంచి బయటపడింది. మీ నాన్నగారికి ఈ సంగతి ముందే చెప్పండి, ‘ఏ’ వర్గం ఆలయాల దగ్గరకు తప్పక నడిచి వెళతారు. హడావుడిగా వచ్చిన బస్సుల గైడులు కొందరు బి, సి, డి వర్గాలు చూపించి వెనక్కి మళ్లిస్తారు.

ఇక్కడ ఇప్పుడు నిత్యపూజలు జరగవని కూడా చెప్పి ఉంచండి. అది పురావస్తు స్థలం. పూలు, కొబ్బరికాయ తీసుకువెళితే ఆయన నొచ్చుకుంటారు. మనసులో దండం పెట్టుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు.

నడక విషయం: టికెట్టు దగ్గరనుంచి ఆలయాల దగ్గరకు రెండు కిలోమీటర్ల దాకా దూరం ఉన్నా, బ్యాటరీ బండ్లు నడుస్తాయి, వాటి ఖర్చు 1,50,000 డాంగ్‌ల టికెట్టులోనే కలిసి ఉంటుంది. బండి దిగాక చెట్ల నీడన బాట ఉన్నది. మార్బుల్ మౌంటెన్స్‌తో పోల్చితే మీ అమ్మగారికి ఇక్కడే సులువు.

ఈ ఒక్క ప్రదేశానికి మాత్రం చవక బస్సు టూరు నిజంగా లాభమే. సొంతంగా కారు మాట్లాడుకుంటే రానూపోనూ దూరానికే ఎక్కువ అవుతుంది, పైగా అక్కడ వివరించేవారు లేకపోతే గుళ్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. అయితే ఉదయం ఎనిమిది లోపు బయలుదేరేదాన్నే ఎంచుకోండి. లోయలో గాలి ఆడదు, పదకొండు దాటితే ఇటుకలు వేడెక్కి, నిలబడి చూడడం పెద్దవాళ్లకు కష్టమవుతుంది.

వెళ్లేముందు రోజు డా నాంగ్‌లోని చామ్ శిల్పాల మ్యూజియం చూడండి. ఫ్రెంచివారి కాలంలో 1919లో తెరిచినది. మీ సన్‌తోబాటు త్రా కియూ, డాంగ్ డువాంగ్ అనే ఇతర చంపా స్థలాల నుంచి తెచ్చిన మంచి శిల్పాలు చాలావరకు అక్కడే ఉన్నాయి, మీ సన్‌లో మీరు చూసేది చాలావరకు ఖాళీ గోడలే. త్రా కియూ పీఠం మీద చెక్కిన నర్తకి ముందు కాసేపు నిలబడండి. నడుము వంపు, చేతి వేళ్ల ముద్ర చూస్తే మన ఆలయాల మండపాలు గుర్తుకు వస్తాయి. మీ సన్ ఇ1 ఆలయపు పీఠం చుట్టూ ఉన్న మునులను కూడా చూడండి, ఒకరు వీణ వంటి వాద్యం పట్టుకున్నారు, ఒకరు వేణువు ఊదుతున్నారు, ఇంకొకరు పడుకున్నవారి ఒళ్లు పడుతున్నారు. మ్యూజియం సాయంత్రం ఐదింటికే మూస్తారు. చవక టూర్లలో దీనిని చేర్చినా ఇరవై నిమిషాలే ఇస్తారు కనుక, మీ అంతట మీరే వెళ్లండి.


సమాధానం
ప్రయాణాల సంచి (హైదరాబాద్)

పై ఇద్దరి మాటలతో నేను ఏకీభవిస్తున్నాను కానీ, డా నాంగ్ నగరానికి బస్సు టూరు అవసరమా అన్న ప్రశ్నను ఎవరూ నేరుగా తీసుకోలేదు. నా అభిప్రాయం అవసరం లేదనే.

మీరు నలుగురు. బస్సు టూరుకు నలుగురికీ కలిపి 30,00,000 డాంగ్‌లు, అంటే పది వేల రూపాయలు అవుతున్నది. ఆ డబ్బుకు ఒక ఏడు సీట్ల కారును డ్రైవరుతో సహా రోజంతా మాట్లాడుకోవడానికి వీలుంటుంది, టికెట్లకూ భోజనానికీ కూడా కొంత మిగులుతుంది. ఒంటరిగా వెళ్లేవారికి, ఇద్దరుగా వెళ్లేవారికి బస్సు లాభం. నలుగురు కలిసి వెళితే ఆ లాభం కరిగిపోతుంది. మీ అమ్మగారు అలసిపోతే మధ్యాహ్నం హోటలుకు వచ్చి రెండు గంటలు పడుకుని తిరిగి బయలుదేరవచ్చు, బస్సులో అది కుదరదు. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది వరకు ఆమెను కూర్చోబెట్టి, నిలబెట్టి, నడిపించే టూరును నేనైతే ఎంచుకోను.

నగరంలో తక్కువ దూరాలకు గ్రాబ్ యాప్ వాడండి. మన ఓలా, ఊబర్ వంటిదే, ఎక్కకముందే ధర కనిపిస్తుంది కనుక భాష రాకపోయినా బేరం బాధ లేదు. విమానాశ్రయం కూడా ఊరిలోనే ఉన్నది. మీ ఖే తీరం నుంచి చామ్ మ్యూజియానికి నది దాటి వెళితే కొద్ది నిమిషాల దారి. 2013లో కట్టిన డ్రాగన్ వంతెన ఆ మ్యూజియం పక్కనే మొదలవుతుంది, దాని పొడవు 666 మీటర్లు. శని, ఆదివారాల్లో రాత్రి తొమ్మిదింటికి డ్రాగన్ తల నోటినుంచి మొదట మంటలు, తరువాత నీళ్లు చిమ్ముతాయి. అది చూడడానికి పడవ టికెట్టులేమీ అక్కరలేదు, తూర్పు ఒడ్డున నిలబడితే చాలు, తలకు మరీ దగ్గరగా ఉంటే తడుస్తారంతే.

బా నా హిల్స్ గురించి మీరు అడగలేదు, అయినా ఎవరో ఒకరు చెబుతారు కనుక రాస్తున్నాను. రెండు రాతి చేతులు ఎత్తి పట్టుకున్నట్లు కనిపించే బంగారు వంతెన అక్కడిదే, 2018లో తెరిచారు, నూట యాభై మీటర్ల పొడవు. కేబుల్ కారుతో కలిపి ప్రవేశమే మనిషికి పది లక్షల డాంగ్‌ల దాకా ఉన్నది, నలుగురికి పన్నెండు, పదమూడు వేల రూపాయలు. పైన మిగిలినదంతా కొత్తగా కట్టిన ఫ్రెంచి ఊరి నమూనా, ఆటస్థలాలు. పిల్లలుంటే తప్పక వెళ్లమనేవాణ్ణి. మీ కుటుంబానికి ఆ డబ్బు మీ సన్ మీద, హోయ్ ఆన్‌లో ఒక రాత్రి బస మీద పెట్టడమే సబబని నా భావన.

భోజనం గురించి ఒక మాట. అక్కడ కూరగాయల వంటకంలో కూడా చేపల సాస్ వేస్తారు, వడ్డించేవారి దృష్టిలో అది మాంసాహారమే కాదు. కాబట్టి మాంసం వద్దని చెబితే సరిపోదు. చాయ్ (chay) అని బోర్డు ఉన్న భోజనశాలలు వెతకండి, అది మన టీ కాదు, అక్కడి భాషలో శాకాహారమని అర్థం. అవి బౌద్ధుల శాకాహార హోటళ్లు, చేప సాస్ కూడా వాడరు, ధరలు చాలా తక్కువ. పౌర్ణమికీ, చాంద్రమాసం మొదటి రోజుకీ అక్కడివారిలో చాలామంది శాకాహారమే తింటారు కనుక ఆ రోజుల్లో ఆ హోటళ్లు కిటకిటలాడుతుంటాయి. డా నాంగ్‌లో భారతీయ రెస్టారెంట్లు కూడా ఉన్నాయి. బస్సు టూరు భోజనంలో మాత్రం శాకాహారులకు ఉడికించిన ఆకుకూర, టోఫు, అన్నం తప్ప మరేదీ దొరకదని అనుకునే వెళ్లండి, పొడులూ పచ్చడీ సంచిలో పెట్టుకోండి.


ప్రశ్న వేసినవారు
గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. శాసనాల వీధి గారి సమాధానాన్ని నాన్నకు చదివి వినిపించాను. భద్రవర్మ, శంభువర్మ పేర్లు ఆయన డైరీలో రాసుకున్నారు. మీ సన్‌కు బస్సులో వెళ్లి, నగరంలో కారులో తిరగాలని నిర్ణయించుకున్నాము. బుట్ట పడవ మానేశాము. అమ్మ కూడా హాయిగా ఊపిరి పీల్చుకున్నది.

మిగిలిన సందేహం ఒకటే. అక్టోబరులో అక్కడ వానలు ఎక్కువని ఒక బంధువు అన్నారు. ఏజెంటును అడిగితే సన్నటి తుంపర మాత్రమే ఉంటుంది, టూర్లు ఎప్పుడూ ఆగవు అని చెబుతున్నాడు. ఏది నిజం?


సమాధానం
సముద్రపు గాలి (విశాఖపట్నం)

మీ బంధువు చెప్పినదే నిజం. నేను ఉద్యోగరీత్యా డా నాంగ్‌లో ఉంటున్నాను కనుక ఈ విషయం గట్టిగా చెప్పగలను. హనోయ్‌కూ హో చి మిన్ నగరానికీ వానాకాలం మన మాదిరే ఎండాకాలం తరువాత వస్తుంది. మధ్య వియత్నాం తీరానిది వేరే లెక్క. ఇక్కడ సెప్టెంబరులో మొదలై డిసెంబరు దాకా వానలు పడతాయి, అక్టోబరు, నవంబరు నెలల్లో అన్నిటికన్నా ఎక్కువ. ఈశాన్యపు గాలి సముద్రం మీదనుంచి తేమను మోసుకువచ్చి వెనకనున్న కొండలకు కొట్టుకోవడం ఒక కారణం, తూర్పు సముద్రంలో (దక్షిణ చైనా సముద్రంలో) పుట్టే తుఫానులు ఆ నెలల్లోనే ఈ తీరం వైపు తిరగడం మరొక కారణం. విశాఖవాసులకు అక్టోబరు తుఫాను గురించి వేరే చెప్పనక్కరలేదు.

హోయ్ ఆన్ పాత పట్టణం నది పక్కన పల్లంలో ఉన్నది. 2025 అక్టోబరు చివర వచ్చిన వరదలో ఆ వీధుల్లో పడవలు తిరిగాయి. అటువంటి రోజుల్లో హోయ్ ఆన్ టూర్లు ఉండవు, సాన్ ట్రా కొండ దారిని, మీ సన్ లోయను మూసివేస్తారు. ప్రతి ఏడూ అంత తీవ్రత ఉండదు, అక్టోబరులో మంచి ఎండ కాసిన వారాలు కూడా నేను చూశాను. కానీ పెద్దవాళ్లతో, మార్చుకోలేని విమానం టికెట్లతో, ముందుగా డబ్బు కట్టిన టూర్లతో ఆ నెలలో రమ్మని నేను సలహా ఇవ్వలేను.

వీలైతే సెలవులను మార్చుకోండి. ఫిబ్రవరి నుంచి మే దాకా వాన తక్కువ, సముద్రం ప్రశాంతం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ ఉన్నా రాజమహేంద్రవరపు ఎండ తెలిసినవారికి అది లెక్కలోది కాదు. జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి మూడో వారంలోపు వచ్చే టెట్ పండుగ (అక్కడి కొత్త సంవత్సరం) రోజులను మాత్రం తప్పించుకోండి, అప్పుడు కుటుంబ దుకాణాలు, భోజనశాలలు మూసి ఉంటాయి, కార్ల ధరలు పెరుగుతాయి. వీసా విషయంలో తొందర అక్కరలేదు, ఈ-వీసాను ప్రభుత్వ వెబ్‌సైటులోనే 25 డాలర్లకు, తొంభై రోజుల దాకా చెల్లుబాటయ్యేలా తీసుకోవచ్చును. ఏజెంటుకు ఎక్కువ ఇవ్వవలసిన పని లేదు.

మరొక మాట. 2025 జులై 1 నుంచి క్వాంగ్ నామ్ ప్రావిన్సును డా నాంగ్ నగరంలో కలిపేశారు. కనుక కాగితాల మీద హోయ్ ఆన్, మీ సన్ రెండూ ఇప్పుడు డా నాంగ్‌లోవే. కొందరు ఏజెంట్లు నగర పర్యటన అని రాసి మీ సన్ పేరు చేర్చడానికి ఇదే అవకాశం. దూరం మాత్రం మారలేదు, ఒకే రోజు నగరమూ, మీ సన్, హోయ్ ఆన్ అన్నీ చూపిస్తామని ఎవరైనా అంటే సగం రోజు బస్సులోనే గడుస్తుందని అర్థం చేసుకోండి.


సమాధానం
తెనాలి బాటసారి

సముద్రపు గాలి గారు చెప్పినట్లు ఏప్రిల్‌కు మార్చుకుంటే మీకు అన్ని విధాలా మేలు. మీ సన్ బస్సు కోసం డబ్బు కట్టేముందు ఏజెంటును నాలుగు విషయాలు అడిగి, జవాబులు వాట్సాప్‌లో రాసి ఇవ్వమనండి. ప్రవేశ టికెట్టు ధరలో ఉన్నదా, బస్సు ఎన్ని సీట్లది, మీ సన్ లోపల ఎంతసేపు ఇస్తారు, వాన వలన టూరు రద్దయితే డబ్బు తిరిగి ఇస్తారా లేక వేరే తేదీ ఇస్తారా. లోపల రెండు గంటలకు తక్కువ అని చెబితే వేరే టూరు చూసుకోండి, ‘ఏ’ వర్గం ఆలయాల దాకా నడిచి రావడానికి మీ నాన్నగారికి అంత సమయం పడుతుంది. పదహారు సీట్ల వ్యాను దొరికితే యాభై వేలు, లక్ష డాంగ్‌లు ఎక్కువైనా దానికే వెళ్లండి, పికప్ తొందరగా ముగుస్తుంది. అమ్మగారికి ముందు వరుసలో, తలుపు వెనక సీటు ముందే రాయించండి. వ్యాను మెట్టు నేలకు ఎత్తుగా ఉంటుంది, డ్రైవరును అడిగితే ప్లాస్టిక్ స్టూలు వేస్తాడు.